ఒకే సూది

తిరువొత్తియూరు తేరు నాడు
అన్నకు పదిహేడు, నాకు పదిహేను.
గొడుగు కింద కూచున్న పచ్చబొట్టు మనిషి
బ్యాటరీ పెట్టెకు సూది తగిలించి
ముందు అన్న చెయ్యి పట్టుకున్నాడు.
పెంచలమ్మ అని రాయాలి, వాడికి తెలుగు రాదు.
సినిమా టికెట్ వెనక నేను రాసిస్తే
చూసి బొమ్మలా గీశాడు.
అందుకే ఇద్దరి చేతుల మీదా అమ్మ పేరులో
'ల' కొంచెం కుంటుతుంది.
అన్న రక్తం పాతగుడ్డతో తుడిచి
అదే సూది నాకు దించాడు.

ముప్పై ఏళ్ళ కిందటి మాట.

ఇరవై రెండో ఏటినుంచి నా నడుము నాది కాదు.
పొద్దున లేస్తే వెన్ను వెదురు కర్ర.
కొళాయి దగ్గర బిందె అన్నే ఎత్తేవాడు,
"జరుగు ముసలోడా" అంటూ.
వాషర్‌మెన్‌పేటలో ఇస్త్రీ బండి తోసిందీ
బొగ్గులు రాజేసిందీ వాడే.
నేను స్టూలు మీద కూచుని మడతలు పెట్టేవాణ్ణి.
ఇంట్లో జబ్బు మనిషి ఎవరో
ఎప్పుడో తేలిపోయిన లెక్క.

పోయిన ఆడి నెలలో అన్న కళ్ళు పచ్చబడ్డాయి.
పొట్ట ఉబ్బి లుంగీ నిలవలేదు.
పెద్దాసుపత్రిలో హెపటైటిస్ సి అన్నారు,
కాలేయం సగం మచ్చ కట్టిందన్నారు,
ఇంట్లో వాళ్ళంతా వచ్చి రక్తం ఇమ్మన్నారు.

నా కాగితం చూసి డాక్టర్ ఇళవరసి
కుర్చీ ముందుకు లాక్కుంది.
"మీ ఒంట్లోకీ వచ్చింది ఇది.
అడుగుల గుర్తులున్నాయి, మనిషి లేడు.
మందేమైనా తిన్నారా?"
టీ, బన్ను, నొప్పి మాత్రలు, అన్నాను.

ఆమె అరవంలో చెప్పింది, నాకు తెలుగులోనే వినబడింది.
లోపల ప్రతి కణమూ
తనలో దొరికినదాన్ని ముక్క విరిచి
గడప బయటికి చాచి చూపిస్తుందట,
కావలివాళ్ళు పోతూ పోతూ చూసుకునేట్టు.
చాచే ఆ చెయ్యి ఒక్కొక్కరిది ఒక్కో వాటం.
కొన్ని చేతుల్లో పురుగు ముక్క ఇమడక జారిపోతుంది,
కావలివాడు ఖాళీ చెయ్యి చూసి సాగిపోతాడు.
మీ చెయ్యి గట్టిగా పట్టి ఉండొచ్చు, అంది.
'ఉండొచ్చు' అని రెండుసార్లు అంది.
సూదికి ఎంత అంటిందో, ఎవరు ఎంత తాగారో,
ఇంకా పేరు పెట్టనివి ఎన్నున్నాయో, అంది.

నడుము కోసం ఇంకో పరీక్ష రాసింది.
వారానికి వచ్చిన కాగితంలో
ఒక అక్షరం, ఒక అంకె: బి ఇరవై ఏడు.
ఆ వాటం చెయ్యి ఉన్నవాళ్ళలో కొందరికి
వెన్ను ఇలా బిగుసుకుంటుందట.
ఈ పురుగును తోలేసిన వాళ్ళలోనూ
అది కాస్త ఎక్కువగా కనిపిస్తుందట.
'కాస్త' అన్నప్పుడు వేలి కొస చూపించింది.

ఇన్నేళ్ళు పొద్దున్నే నేను తిట్టిన తిట్లు
ఎవరికి తగిలాయి?

నాన్న పోయాక మేం పంచుకున్నది
ఇత్తడి ఇస్త్రీ పెట్టె ఒకటి, అప్పు రెండు చోట్ల.
ఇది మాత్రం పెద్దమనుషులు కూచోకుండా
అమ్మ కడుపులోనే పంపకమైపోయింది.
అన్న అడగలేదు, నేను లాక్కోలేదు.
అయినా బస్సులో వాడి పక్కన కూచుంటే
జేబులో దొంగసొమ్ము ఉన్నట్టే ఉంది.

చెప్పేశాను.
కిటికీలోంచి చూస్తూ నవ్వాడు.
"నా పొట్ట తీసుకో, నీ నడుం ఇటియ్యి,
బండి మాత్రం నాదే."

పన్నెండు వారాల మాత్రలు.
పురుగు పోతుంది, మచ్చ సంగతి చూడాలి అన్నారు.
మింట్ స్టాపులో దిగుతుంటే
మందుల డబ్బా నా చేతిలోంచి జారింది.
నేను వంగలేను.
వాడే పొట్ట పట్టుకుని, మెట్టు పట్టుకుని వంగి
దుమ్ము లుంగీకి తుడిచి
మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు.
"గట్టిగా పట్టుకో" అన్నాడు.